అత్తగారు కట్టిన పిడి

ఊళ్లో ఎవరి పెట్టె విరిగినా నా కొట్టుకే రావాలి. జిప్పు ఊడినా, చక్రం పోయినా, తాళం బిగుసుకుపోయినా చిటికెలో బాగుచేసి పంపిస్తాను. మా ఇంటి పెట్టెకు మాత్రం ఏళ్ల తరబడి పిడి లేదు. దాని స్థానంలో ఒక గుడ్డపీలిక ఉండేది.

అది కట్టింది మా అత్తగారు. అందరం సముద్రం చూడ్డానికి బయల్దేరినప్పుడు, కదలబోతున్న రైల్లోకి పెట్టెతో సహా ఎగబాకాను. ఎక్కాక చూస్తే నా చేతిలో పిడి ఒక్కటే ఉంది. పెట్టె ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయింది. వెనకాల వస్తున్న అత్తగారే దాన్ని లోపలికి తోసి, తనూ ఎక్కి, ఆయాసం తీరకుండానే తన పసుపురంగు నూలు శాలువా అంచు చింపి పిడిలా కట్టారు.

"ఇంటికెళ్లగానే కొత్తది వేసేస్తానండీ" అన్నాను దర్జాగా.

"వేద్దువుగాని నాయనా, తొందరేముంది" అన్నారావిడ. కిందటేడు ఆవిడ పోయేదాకా నాకా తొందర కలగనేలేదు.

మొన్న మళ్లీ ప్రయాణం పెట్టుకున్నాం. ఆవిడ లేకుండా ఇదే మొదటిది. పెట్టె అటక మీంచి దించమంది మా ఆవిడ. దించి ఊరుకుంటే సరిపోయేది. నాలోని పనిమంతుడు ఊరుకుంటాడా! కొట్టుకు పట్టుకెళ్లి, మెరిసే నల్లటి పిడి బిగించి, సాయంత్రం మీసం మెలేస్తూ ఇంటికి తెచ్చాను.

బట్టలు మడతపెడుతున్న మా ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"అమ్మ కట్టిన గుడ్డేదండీ?"

"అదా? పీకి పారేశాను. ఈ పిడి చూడు, ఏనుగు లాగినా ఊడదు."

ఆమె పెట్టె పక్కనే నేలమీద కూలబడింది. మా అమ్మాయి నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది.

"అమ్మమ్మ బట్టలన్నీ ఇచ్చేశాం కదా నాన్నా. అమ్మకి మిగిలింది ఆ ముక్కొక్కటే."

కొట్టుకు పరుగెత్తి చెత్తబుట్ట బోర్లించాను. తోలుముక్కలు, విరిగిన చక్రాలు, తుప్పు మేకులు, అన్నీ ఉన్నాయి గాని అది లేదు. బల్ల కిందంతా పాకాను. చెమట కళ్లలోకి కారుతుంటే, మేకుకు వేలాడుతున్న మసిగుడ్డ అందుకుని ముఖం తుడుచుకున్నాను. మడత లోపల, గ్రీజు అంటని చోట పసుపురంగు కనబడింది. ఆ రోజంతా నేను చేతులు తుడుచుకున్నది దాంతోనే!

ఇంటికొచ్చి తలొంచుకుని అందించాను.

"ఉతికి, ఇస్త్రీ చేసి..."

"మీకు దణ్ణం పెడతాను, ఇంకేమీ బాగుచెయ్యకండి" అంటూ లాక్కుంది. ఏడుస్తూనే, నా కొత్త పిడి చుట్టూ ఆ జిడ్డుగుడ్డ చుట్టి వాళ్లమ్మ వేసినట్టే ముడి వేసింది.

పొద్దున స్టేషన్లో నా మసిమొహం తలుచుకుని తల్లీకూతుళ్లిద్దరూ ఒకటే నవ్వు. ఏనుగు లాగినా ఊడని నా పనితనం గుడ్డ కింద ఎక్కడా కనిపించలేదు. అరచేతిలో ముడి ఎప్పటిలాగే గుచ్చుకుంది. వాళ్లిద్దరి తర్వాత రైలెక్కుతూ, వెనకనుంచి పెట్టె తోసే మనిషి కోసం అలవాటుగా తిరిగి చూశాను. ఎవరూ లేరు. పెట్టెను నేనే లోపలికి లాక్కున్నాను.