అమ్మ రంగు

భర్త చొక్కా ఆమె ఇస్త్రీ చేస్తుండగా అతను ఒక పటం తెచ్చి బల్లమీద నిలబెట్టాడు. నెల క్రితం పోయిన ఆమె తల్లి ఫోటో.

"పాతది మరీ నల్లగా ఉందని ఫోన్లో బాగుచేయించా. చూడు, ఎంత బాగా వచ్చిందో!"

చీర అమ్మదే, కుర్చీ అమ్మదే. ముఖం మాత్రం ఎవరిదో. ఎండలో ఇటుకలు మోసి నిగనిగలాడిన నలుపు లేదు, బుగ్గమీద మచ్చ లేదు.

"ఇప్పుడైతే హాల్లో పెట్టుకోవచ్చు. నలుగురూ వచ్చే ఇల్లు" అంది అత్తగారు. పెళ్లయిన కొత్తలో ఆవిడే, "కోడలు పనిమంతురాలే, రంగే కాస్త తక్కువ" అని వచ్చినవాళ్లకి ముందుగానే చెప్పి పెట్టేది. ఫోటో తీసేటప్పుడల్లా భర్త, "నువ్వు నవ్వవోయ్, లేకపోతే కనపడవు" అనేవాడు. అందరితోపాటు తనూ నవ్వేది.

ఆఫీసులో ఆమె పనీ ముఖాలతోనే. తెరమీద ఒకే మనిషివి రెండు ఫోటోలు వస్తాయి. బాగున్నది నొక్కాలి. అలా నొక్కినవాటిని చూసి, ఫోన్లో ఫోటోలు బాగుచేసే యంత్రం అందమంటే ఏమిటో నేర్చుకుంటుంది. "తెల్లగా, వెలుగ్గా ఉన్నదే నొక్కండి" అని సూపర్‌వైజరు మొదటిరోజే చెప్పాడు. రోజంతా అదే నొక్కి, ఇంటికొచ్చి వంటా గిన్నెలూ చూసుకునేది. అమ్మ ముఖాన్ని తుడిచేసిన చేతుల్లో తన చెయ్యీ ఉందని ఇప్పుడు తట్టింది. కమురు వాసన వచ్చేదాకా ఇస్త్రీపెట్టె ఎత్తలేదు.

అచ్చం అమ్మమ్మ పోలికే అయిన కూతురు పటం దగ్గరికొచ్చి తేరిపార చూసింది.

"అమ్మా, చచ్చిపోతే తెల్లగా అయిపోతారా?"

భర్త పకపకా నవ్వాడు. పిల్ల నవ్వలేదు. దాని కళ్లలో ఆశ.

"అయితే నేనూ అవుతానా?"

ఆమె కూతుర్ని గుండెకి హత్తుకుంది. పటం తీసి గోడవైపు తిప్పి పెట్టింది. "ఇప్పుడేమైందని?" అన్నాడు భర్త.

మర్నాడు ఆఫీసులో, ఉన్న రంగు ఉన్నట్టున్న ఫోటోలే నొక్కుతూ పోయింది. మధ్యాహ్నానికి సూపర్‌వైజరు వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఏంటండీ, అన్నీ చీకటివే నొక్కుతున్నారు?"

"చీకటి కాదు సార్. అది వాళ్ల ఒళ్లు."

"అలా అయితే రేపట్నుంచి రానక్కర్లేదు."

బ్యాగు తీసుకుని లేచింది. తన కుర్చీలోకి సాయంత్రానికే ఇంకొకరు వస్తారని ఆమెకు తెలుసు. మెట్లు సగం దిగాక అక్కడే కూర్చుంది. అమ్మ పోయిన రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది.