శ్రుతి మోగుతుండగా

నేను ఒక శ్రుతిపెట్టెను. షడ్జమం, పంచమం, మళ్ళీ షడ్జమం, నా బతుకంతా ఇంతే. పాట నాకు రాదు. పాడేవాళ్ళ వెనక ఆగకుండా మోగడం ఒక్కటే తెలుసు. ఆ ఒక్క విద్యతోనే నేనొక పాపానికి కాపలా కాశాను. చెప్పమని నన్నెవరూ అడగలేదు గానీ, చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

నేను పుట్టింది మద్రాసులో ఒక మేడమీది గదిలో. నన్ను తయారుచేసినాయన సంగీతం పిచ్చితో ఉద్యోగం వదులుకున్న ఇంజనీరు. తంబురా మీటడానికి మనిషి కావాలి, హార్మోనియానికి గాలి కొట్టడానికి చెయ్యి కావాలి, నాకు మాత్రం స్విచ్చి వేస్తే చాలని మురిసిపోయేవాడు. "మీరు పాడినా పాడకపోయినా ఇది మోగుతూనే ఉంటుంది" అని కొనవచ్చినవాళ్ళకి గొప్పగా చెప్పేవాడు. మంచి మనిషి. ఆ మాటకి ఇంకో ఉపయోగం కూడా ఉంటుందని ఆయనకి తోచి ఉండదు.

నన్ను కొన్నది కాకినాడలో వింజరపు దత్తాత్రేయశర్మగారు. ఆయన కచేరీ అంటే హాలు నిండిపోయి జనం కిటికీల దగ్గర నిలబడేవారు. ఆయన గొంతు గురించి నేను అబద్ధం చెప్పను. తోడి రాగం పాడితే పెట్టెనైన నాకే ఒళ్ళు జలదరించేది. ఆయన ఇంట్లో ఒక నియమం ఉండేది: శ్రుతి మోగుతుంటే పాఠం జరుగుతున్నట్టు, పాఠం జరుగుతుంటే తలుపు తట్టకూడదు. ఆయన భార్య కూడా కాఫీ గ్లాసు గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయేది. చల్లారిన కాఫీలు ఎన్నో చూశాను.

ఇరవై ఏడేళ్ళ కిందట హైమవతి పాఠానికొచ్చింది. డిగ్రీ చివరి సంవత్సరం, ఇరవై ఏళ్ళది. రేడియోలో పాడాలని ఆశ. తల్లి సుభద్రమ్మ రిక్షాలో వెంటబెట్టుకొచ్చి, వరండాలో బల్ల మీద లేసు అల్లుకుంటూ కూర్చునేది. మొదటి వారమంతా వర్ణం నేర్పాడు. రెండో వారంలో ఒక సాయంత్రం ఆయన లేచి గడియ పెట్టి, వచ్చి నా శబ్దం పెంచాడు.

ఆ తర్వాత జరిగింది నేను చెప్పను. అది ఆమె చెప్పుకోవలసింది, ఆమె చెప్పింది కూడా. నేను చెప్పగలిగింది నా సంగతి. "వద్దు మాస్టారూ" అని ఆమె రెండుసార్లు అంది. ఆ మాట తలుపు దాటలేదు. దాన్ని మింగేసింది నేను.

నాకు చేతులా, కాళ్ళా, నేనేం చెయ్యగలనని చాలా ఏళ్ళు సర్దిచెప్పుకున్నాను. కానీ యంత్రాలన్నాక చెడిపోతాయి కదా. ఆమె పాఠానికొచ్చిన ఆ ఏడు నెలల్లో ఒక్క సాయంత్రం గొంతు పోయి ఊరుకుని ఉంటే నాకీ సిగ్గు ఉండేది కాదు. నన్నెంత గట్టిగా తయారుచేశాడో ఆ ఇంజనీరు మహానుభావుడు, ఒక్క రోజు కూడా మొరాయించలేదు.

శర్మగారు రెండేళ్ళ కిందట పోయారు. సంగీత సభవాళ్ళు కొత్త హాలుకి ఆయన పేరు పెడదామన్నారు. కంచు విగ్రహం చేయించి, దాని పక్కన పట్టుగుడ్డ మీద నన్ను కూర్చోబెట్టారు. అప్పుడు హైమవతి ఒక పత్రికకి ఉత్తరం రాసింది. బడిలో లెక్కలు చెబుతుందిప్పుడు, పాట ఏనాడో మానేసింది. ఇక చూడండి, ఊరంతా న్యాయమూర్తులే. పోయిన మనిషి మీద బురదేమిటన్నారు కొందరు. ఇన్నేళ్ళూ నోట్లో ఏం పెట్టుకుందన్నారు ఇంకొందరు. మనిషిని వదిలేసి పాటని చూడమని ఒకాయన టీవీలో గంటసేపు చెప్పాడు. తోడికీ కల్యాణికీ తేడా తెలియనివాళ్ళు కూడా సంగీతాన్ని కాపాడ్డానికి బయల్దేరారు.

హాలుకి ఆ పేరు పెట్టాలా వద్దా తేల్చడానికి సభ పెట్టారు. శర్మగారి ముఖ్య శిష్యుడు, సంగీత సభ కార్యదర్శి పురుషోత్తం, మాస్టారి శ్రుతితోనే ప్రార్థన జరగాలని పట్టుబట్టి నా స్విచ్చి వేశాడు. నేను మోగాను. మూడో వరసలో కూర్చున్న హైమవతి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని తల వంచుకుంది. ప్రార్థన అయ్యేదాకా ఆమె తల ఎత్తలేదు. నేను మోగుతూనే ఉన్నాను.

నన్ను ఆపేశాక వాదనలు నడిచాయి. చివరికి పురుషోత్తం మైకు దగ్గరికొచ్చాడు. "అమ్మా, మీరంటే మాకు గౌరవమే. కానీ సాక్ష్యం ఏదండీ? అప్పుడు మీ అమ్మగారు వరండాలోనే ఉండేవారట కదా. ఆవిడ ఒక్క రోజైనా ఏమైనా అన్నారా?"

హైమవతి లేవబోయింది. పక్కనున్న తల్లి ఆమె భుజం మీద చెయ్యేసి తనే లేచింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, వేదిక మీది మైకు దాకా వెళ్ళడానికే చాలాసేపు పట్టింది.

"నా పేరు సుభద్రమ్మండి. ఆ వరండాలో కూర్చున్నది నేనేనండి. మొదట్లో పాట వినపడేది. తర్వాత గంటసేపు శ్రుతి ఒక్కటే వినపడేదండి. పాట ఉండేది కాదు. పాఠమంటే పాట ఉండాలి కదండీ బాబూ? నాకు తెలుసండి. శ్రుతి మోగుతుంటే తలుపు తట్టకూడదన్నారని, ఆ మాట పట్టుకుని కూర్చున్నానండి. లేస్తే పిల్లకి పెళ్ళవదనుకున్నాను. ఆయన పెద్దాయన, మనల్నే నవ్వుతారనుకున్నాను. నేను అల్లుకుంటూ కూర్చున్నానండి."

పురుషోత్తం కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. సాక్ష్యం దొరికింది కదా, హైమవతి మొహం తేలికపడుతుందనుకున్నాను. అది ఇంకా పాలిపోయింది. ఇరవై ఏడేళ్ళుగా అమ్మకి తెలియదన్న ఒక్క నమ్మకంతో బతికిన మనిషి అని నాకప్పుడు అర్థమైంది.

"నీకు తెలుసా అమ్మా?"

"తెలుసే."

"ఎప్పట్నించి?"

సుభద్రమ్మ మైకు వదిలేసి కూతురి వైపు తిరిగింది. నాకైతే తెలుసు. ఈసారి నేను మోగడం లేదు కాబట్టి, ఆమె నెమ్మదిగా అన్నది కూడా చివరి వరస దాకా వినపడింది.

"రెండో వారం నించి."

హాలుకి ఆ పేరు పెట్టలేదు. హైమవతి గెలిచిందని మర్నాడు పత్రికలు రాశాయట. ఆ రోజు హైమవతి వేదిక దగ్గరికొచ్చింది. తల్లి చేతిసంచీ తను తీసుకుంది, ఆటో పిలిచింది, కానీ వేదిక మెట్లు దిగుతున్న తల్లికి చెయ్యి మాత్రం అందించలేదు. సుభద్రమ్మ గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది.