బండి రాని రోజు

రూత్‌కు ఒక్కచోట కూర్చోవడం చేతకాదు. ఎల్లారెడ్డిలో ఆమె పనిచేసే చిన్న సంస్థలో ఈ సంగతి అందరికీ తెలుసు. పన్నెండేళ్లుగా ఊళ్లు పట్టుకుని తిరిగిన కాళ్లవి. అలాంటి మనిషిని కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాలులో, ప్లాస్టిక్ కుర్చీలో, మూడు రోజులు కదలకుండా కూర్చోమన్నారు. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్లకు ప్రభుత్వ విధానాల మీద శిక్షణట. పథకం ఎలా పుడుతుంది, ఎవరిని అడిగితే మారుతుంది, అడిగే కాగితం ఎలా రాయాలి, ఇదీ పాఠం. రెండో రోజు మధ్యాహ్నానికల్లా ఆమె కాలుగాలిన పిల్లి అయింది. ఒకసారి నీళ్లకని లేచింది, ఒకసారి ఫోనుకని లేచింది, ఇంకోసారి ఏమీ లేకుండానే లేచి కిటికీ దాకా వెళ్లొచ్చింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని లోపల్లోపల విసుక్కుంది కూడా.

అలాగని శిక్షణ ఆమెకు అక్కర్లేదని కాదు. వికలాంగులకు సర్టిఫికెట్ ఇవ్వడానికి డాక్టర్లు కూర్చునే సదరం క్యాంపు కామారెడ్డిలోనే జరుగుతుంది. నాగిరెడ్డిపేట అవతలి పల్లెల నుంచి నడవలేనివాళ్లు, చూపు లేనివాళ్లు అంత దూరం రావాలి. రెండు నెలలకొకసారైనా ఆ క్యాంపును ఎల్లారెడ్డిలో పెట్టించాలని రూత్ పట్టు. మూడో రోజు పొద్దున ఒక పెద్ద అధికారి హాలుకు వస్తాడు. ఎవరి విన్నపం వాళ్లు ఆయన ముందు పెట్టాలి. ఆ పొద్దు కోసమే ఆమె ఈ కుర్చీని భరిస్తోంది.

శిక్షణ ఇస్తున్న పద్మలత హైదరాబాదు మనిషి, నెమ్మదస్తురాలు. రూత్ రాసిన కాగితం చదివి తలెత్తింది.

"బాగుంది రూత్. దూరం వల్ల క్యాంపు తప్పిపోయినవాళ్లు మీ దగ్గర ఎంతమంది?"

"ఒక్కరు గూడ లేరు మేడం." రూత్ గొంతులో గర్వం దాగలేదు. "మాకు బండి ఉన్నది. నగేశన్న నడుపుతడు. ఇంటికాడ ఎక్కించుకుంటం, డాక్టర్ ముందల దించుతం. ఐదేండ్లల్ల ఒక్కరిని గూడ తప్పనియ్యలే."

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎందుకు నవ్వారో రూత్‌కు అర్థం కాలేదు.

"మరి రేపు ఆ అధికారి ఏమంటారు?" పద్మలత మెల్లగా అడిగింది. "మీ వాళ్లంతా మంచిగా వస్తున్నారు కదా, ఇంక అక్కడ క్యాంపు దేనికి అనరా?"

రూత్‌కు తల కొట్టేసినట్టయింది. ఐదేళ్లుగా చెప్పుకుని మురిసిన మాటే తన కాళ్లకు అడ్డం పడింది. టీ తర్వాత దీని సంగతే చూద్దాం అని పద్మలత అంటూనే ఉంది. టీ దాకా ఆగే ఓపిక మన రూత్‌కు ఎక్కడిది? సంచి భుజాన వేసుకుని నాలుగు గంటల ఎల్లారెడ్డి బస్సు ఎక్కేసింది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా ఆమెకు ఊరట లేదు. ఒక్కరు తప్పిపోతే చాలు, కాగితం మీద ఒక్క పేరు ఉంటే చాలు అని మనసు గింజుకుంటోంది. రేపే క్యాంపు. ఈసారి తమ వైపు నుంచి ఒక్కరికే స్లాటు దొరికింది, రామవ్వ మనవరాలు సాయిలతకు. పుట్టుకతోనే ఆ పిల్లకు ఎడమ చెయ్యీ ఎడమ కాలూ స్వాధీనంలో లేవు. అయినా చదువులో చురుకు. కామారెడ్డిలో డిగ్రీ సీటు వచ్చింది. పాత సర్టిఫికెట్ గడువు తీరింది. నెలాఖరులోగా కొత్తది ఇస్తేనే హాస్టల్లో చోటు. హాస్టల్ లేకపోతే ఆ పిల్లకు చదువే లేదు.

ఇదంతా రూత్‌కు తెలుసు. తెలిసే లెక్క వేసుకుంది. రేపు తప్పితే పది రోజుల్లో మళ్లీ స్లాటు దొరకదా, దొరుకుతుంది. నెలాఖరుకు ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. తనకు తాను సర్దిచెప్పుకునేటప్పుడు మనిషికి ఎన్ని రోజులైనా చాలినన్ని కనిపిస్తాయి. లింగంపేట దాటకముందే నగేశ్‌కు ఫోను చేసి రేపు బండి తీయొద్దంది. తర్వాత రామవ్వకు చేసింది.

"అవ్వా, బండి ఖరాబైంది. రేపు రాదు."

"అయ్యో, దానికి నువ్వేం చేస్తవ్ బిడ్డా," అంది రామవ్వ. "నువ్వు రంది పెట్టుకోకు. మేం బస్సుకు వస్తం తియ్."

ఈ మాట వస్తుందని రూత్ అనుకోలేదు. ఫోను పెట్టేశాక కూడా దాన్ని చెవి దగ్గరే పట్టుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున ఎనిమిదికి ఎల్లారెడ్డి బస్టాండులో ఆ ఇద్దరూ కనిపించారు. రామవ్వ ఉతికిన చీర కట్టుకుని, కాగితాల కవరు రొమ్ముకు అదుముకుని నిలబడి ఉంది. సాయిలత స్తంభానికి ఆనుకుని నవ్వింది.

"బండి బాగు చేపిస్తున్నరా అక్కా?"

"ఆఁ... నగేశన్న చూస్తుండు."

బండి రెండు సందుల అవతల, ఆఫీసు ముందు శుభ్రంగా నిలబడి ఉంది. ఒక్క ఫోను చేస్తే ఐదు నిమిషాల్లో వస్తుంది. రూత్ రెండుసార్లు ఫోను తీసి, రెండుసార్లూ సంచిలో పెట్టింది. మొదటి బస్సు కిక్కిరిసి వచ్చింది. ఆధార్ కార్డు చూపి ఉచితంగా, సున్నా టికెట్టు మీద వెళ్లే ఆడవాళ్లతో మెట్ల దాకా నిండిపోయింది. సాయిలత ఎక్కలేకపోయింది. రెండోది ఎనిమిదీ నలభైకి వచ్చింది. మెట్టు ఆ పిల్ల మోకాలి కంటే ఎత్తు. కుడిచేత్తో కమ్మీ పట్టుకుంది, వెనక నుంచి రామవ్వ తోసింది, "జర జల్ది అవ్వా" అని లోపలి నుంచి ఎవరో కేకేశారు. రూత్ నడుం పట్టి పైకి లేపింది. లేపి, కూర్చోబెట్టి, సంచిలోంచి నోటుపుస్తకం తీసి టైము రాసుకుంది. రాస్తుంటే తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా రాసింది.

క్యాంపుకు చేరేసరికి పదీ ఇరవై.

"తొమ్మిదిన్నరకు పేరు పిలిచినం, లేరు," అన్నాడు కౌంటరు మనిషి. "ఎముకల డాక్టరు ఆపరేషన్‌కు పోయిండు. మీసేవల మళ్ల బుక్ చేసుకోండ్రి."

"మళ్ల ఎప్పుడు దొరుకుతది అన్నా?"

అతడు కంప్యూటరులో చూశాడు. "వచ్చే నెల ఇరవై రెండు దాక ఖాళీ లేదు."

అంటే హాస్టల్ గడువు దాటిపోతుంది. రూత్ బతిమాలింది, గొంతు పెంచింది, మళ్లీ బతిమాలింది. ఆ డాక్టరు ఇక రాడని తేలాక, ఇద్దరినీ ఆటోలో ఫంక్షన్ హాలుకు తీసుకెళ్లి వెనక కుర్చీల్లో కూర్చోబెట్టింది. అధికారికే చెప్పి ఎలాగోలా సరిచేయించాలి. అదొక్కటే ఇప్పుడామెకు మిగిలిన ఆశ.

ఆమె వంతు వచ్చింది. అధికారి కాగితం తిరగేసి, "మీ దగ్గర ఎవరైనా క్యాంపు తప్పిపోయారా?" అన్నాడు.

"ఒకరు సార్. ఇయ్యాలనే."

"మీ బండి ఏమైంది రూత్?" పద్మలత ఆశ్చర్యంగా అడిగింది.

రూత్ నోరు తెరిచేలోపే వెనక నుంచి రామవ్వ లేచి నిలబడింది. "బండి ఖరాబైంది మేడం. ఈ బిడ్డ తప్పేం లేదు. మాకు దేవుని లెక్క చేస్తది."

రూత్ వెనక్కి తిరిగి రామవ్వను చూసింది.

"ఖరాబు కాలే," అంది రూత్. "మంచిగనే ఉన్నది. నేనే పంపలే. ఒక్కరన్న తప్పిపోతేనే సార్ రాసుకుంటరని."

పద్మలత ఆమె దగ్గరికి వచ్చింది.

"నీ బండి ఎక్కినవాళ్లంతా, బండి లేకపోతే తప్పిపోయేవాళ్లే కదా రూత్," అంది. "ఐదేళ్లలో ఎంతమందిని తెచ్చావో రాసిస్తే అదే రుజువు. నిన్న టీ తర్వాత చెప్పింది అదే. నువ్వు లేవు."

"ఎంతమంది ఉంటారు?" అధికారి అడిగాడు.

"రెండు వందల మీదనే సార్."

"పేర్లతో రాసివ్వండి. ఎల్లారెడ్డిలో పెట్టే సంగతి చూద్దాం. ఈ అమ్మాయిది... డాక్టర్లతో మాట్లాడి చూస్తాను. మాట ఇవ్వలేను."

రూత్ వెనక్కి నడిచింది. ఐదేళ్లుగా కోరుకున్నది చేతికి అందేలా ఉంది. ఆ సంతోషం ఆమెకు ఎక్కడా తగల్లేదు. రామవ్వ కాగితాలను ఒక్కొక్కటే కవరులో పెట్టుకుంటోంది.

"అవ్వా, నగేశన్నకు ఫోన్ చేస్త. బండి వస్తది. ఇంటికాడ దించుతం."

"వద్దు బిడ్డా. బస్సుకే పోతం." రామవ్వ గొంతులో కోపం లేదు. ఆమె రూత్ మొహం వైపు చూడలేదు, అంతే.

సాయిలత మాత్రం చూసింది. అవ్వ భుజం పట్టుకుని లేచి, కాలు సరిచేసుకుని, మెల్లగా అంది.

"అడిగితే నేనే ఆగుదునేమో అక్కా. నువ్వు నన్ను అడగనే లేదు."