మామ బంకు పెట్రోలు

మా నాయన వీరరాఘవ రాజా కొన్న కొత్త కారులో, పెట్రోలు మూత వెనక ఒక చీటీ అంటించి ఉంది. ఆక్టేన్ తొంభై ఐదుకు తగ్గకూడదని దాంట్లో రాశారు. రాసినవాళ్ళకు పాపం మా రామలింగ మామ సంగతి తెలియదు. మామ మా అమ్మకు అన్న. ఆయనకు తెన్‌కాశి రోడ్డులో బంకు ఉంది, అందులో దొరికేది తొంభై ఒకటి మాత్రమే. రాజపాళయంలో మామ బంకు దాటిపోయి పరాయి బంకులో పెట్రోలు పోయించుకోవడమంటే, మామ ఇంటి పెళ్ళికి వెళ్ళి భోజనం చెయ్యకుండా లేచి రావడమే. కాబట్టి ఇంజన్‌కు ఏది పడుతుందో మావాళ్ళు ఇంజన్‌ను అడగరు. చుట్టరికాన్ని అడుగుతారు.

మూడు వారాలకే, బ్రిడ్జి ఎక్కుతుంటే ఇంజన్ లోపల గులకరాళ్ళు వేసి కుదిపినట్టు చప్పుడు మొదలైంది.

"నాయనా, ఇది నాకింగ్. పెట్రోలు మార్చల్ల," అన్నాను.

"నీకేమి తెలుసు మ్మా మీరా? రామలింగం నలభై ఏండ్లుగా బంకు నడుపుతా ఉండాడు."

నిజమే, నాకేం తెలుసు. ఆటోమొబైల్ ఇంజనీరింగు చదివి, కోయంబత్తూరులో ఆరేళ్ళు ఇంజన్లు విప్పి బిగించి వచ్చినదాన్ని. మా మిల్లులో ఖాళీగా ఉన్న గోడౌను ఇస్తే సొంతంగా వర్క్‌షాపు పెట్టుకుంటానని ఆషాఢం, మా ఆడి నెల నుంచి అడుగుతున్నాను. నాయన యోచిస్తూనే ఉన్నాడు.

చప్పుడు పెరిగేసరికి నాయన కార్తిక్‌ను పిలిపించాడు. కార్తిక్ మా మేనత్త కొడుకు, సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేయిస్తాడు. ఇంజన్ల విషయంలో అతనికున్న అర్హత ఒకటే, మగవాడు. బానెట్ ఎత్తి గంభీరంగా చూసి, "ఒరు నిమిషం మామా," అని వాకిట్లోకి వెళ్ళాడు. వంటింట్లో నా ఫోను మోగింది.

"వదినా, ఏమి చెప్పల్ల?"

"లోపల వేడికి, ఒత్తిడికి పెట్రోలు తనంతట తానే ముందుగా అంటుకుంటా ఉంది. ఆక్టేన్ ఎక్కువుంటే అట్లా అంటుకోదు. మూత వెనక ఏమి రాసిందో చూపించు. తొంభై ఐదు పోయించమను."

అతను లోపలికి వచ్చి ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పాడు. నాయన అప్పటికప్పుడే బస్టాండు దగ్గరి బంకుకు వెళ్ళాడు. రెండో రోజుకు చప్పుడు ఆగిపోయింది. కార్తిక్ చెప్పాడంటే రామలింగ మామకు కూడా కోపం రాలేదు.

శుక్రవారం నాయన నన్నూ కార్తిక్‌నూ కూర్చోబెట్టి గోడౌను తాళంచెవి తీశాడు. నేను చెయ్యి చాచబోయాను.

తాళంచెవి కార్తిక్ చేతిలో పెట్టాడు. "వర్క్‌షాపు నువ్వే చూసుకో ప్పా. మీరా కూడా కూడమాడగా, చేతిసాయంగా ఉంటాది. ఇంజన్ గురించి నీ దగ్గర నాలుగు సంగతులు నేర్చుకోనీ."

కార్తిక్ తలెత్తి నా వైపు చూశాడు. చెప్పరా, ఒక్క మాట చెప్పు, అని మనసులో బతిమాలుకున్నాను. సిగ్గులేకుండా బతిమాలుకున్నాను.

"సరే మామా," అన్నాడు. "నేర్పిస్తా."