చెక్కిన బంతి

నేను ఒక లక్క బంతిని. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో పుట్టాను. పైడయ్య నన్ను మర మీద తిప్పి, ఎర్ర లక్క పట్టించి, మొగలాకుతో మెరుగు పెట్టాడు. నా తోటివాళ్లు బొంగరాలై, కుంకుమ భరిణెలై వెళ్లిపోయారు. నాకు మాత్రం పరమాణువు ఉద్యోగం దొరికింది.

ఇప్పించింది హైమ. విశాఖలో ఒక ఖనిజం లోపలి అమరిక మీద పరిశోధన చేసేది. రాతి పలుకు మీదికి ఎక్స్-రే పంపితే ఫిల్ము మీద చుక్కలు పడతాయి. వాటి చోటూ, నలుపూ చూసి లోపల ఏ పరమాణువు ఎక్కడుందో లెక్క కట్టాలి. తలుపు తీయకుండా ఇంట్లో ఎవరెక్కడ కూర్చున్నారో చెప్పడం లాంటిది. మనుషులకు ఈ పని మీద మోజెక్కువ. తమ లోపలికి మాత్రం టార్చి కూడా వేసుకోరు.

మూడేళ్ల శ్రమ. సోమవారం పరీక్షకుల ముందు, బంతులే పరమాణువులుగా ఆ అమరిక నమూనా పెట్టాలి. పైడయ్య ఆమె గీసిచ్చిన బొమ్మ ప్రకారం తెల్ల బంతులు అమర్చి, మధ్య ఖాళీలో నన్ను పెట్టబోయాడు. నేను పట్టలేదు.

"పట్టనేదమ్మా. నీ కాయితం ఓపాలి సూసుకో."

"కాగితం సరిగ్గానే ఉంది తాతా. కాస్త చెక్కెయ్."

"సెక్కితే పడతాది. నీ రాయి కూడా సెక్కించుకుంటాదేటి?"

హైమ నవ్వలేదు. "సోమవారం తాతా" అంది.

అతను నా ఒక పక్క చెక్కాడు. నేను బుద్ధిగా కూర్చున్నాను. నమూనా అందంగా వచ్చింది, అనుమానం వచ్చేంత అందంగా.

తిరుగు బస్సులో ఆమె నన్ను ఊడదీసి, రంగు పోయిన పక్కను బొటనవేలితో రుద్దుతూనే ఉంది. దిగి నేరుగా లేబొరేటరీకి వెళ్లి పాత ఫిల్ము తీసింది. నల్ల చుక్కల వరుసల మధ్య లీలగా ఇంకొన్ని చుక్కలు. నోటుబుక్కులో వాటి గురించి 'కడిగినప్పటి మరకలు' అని ఉంది. ఆ రెండు మాటలే ఎందుకో చాలా చిన్న అక్షరాల్లో రాసుకుంది.

మరకల్ని లెక్కలోకి తీసుకుంటే పరమాణువులు వరుస విడిచి వరుస పక్కకు జరిగాయి. నా ఖాళీ పెద్దదైంది. సోమవారం ఆమె నమూనా పెట్టలేదు. ఆరు నెలల గడువు అడిగింది. ఆమె గైడుగారు విసుక్కుంటూనే సంతకం పెట్టారు.

ఇప్పుడు గాజు బీరువాలోని కొత్త నమూనాలో నా చోట నిండు బంతి ఒకటి కూర్చుని ఉంది. నేను, ఇప్పుడు పాఠాలు చెప్పే హైమ మేడమ్ సొరుగులో ఉంటాను. ఏ విద్యార్థినో ఫిల్ము పట్టుకొచ్చి, "ఇవి మరకలే కదా మేడమ్?" అంటే ఆమె సొరుగు లాగుతుంది. నన్ను తీసి ఆ పిల్ల చేతిలో పెడుతుంది.

వేళ్లు నన్ను తిప్పి తిప్పి, చెక్కిన పక్క దగ్గర ఆగుతాయి.

"మేడమ్... భూతద్దం ఇస్తారా?"