గేటు బయట ప్రజాభిప్రాయం

మా నాన్న దేవరాజు గారు ఫ్రిజ్ ప్లగ్గు మీద బతుకుతున్నారు. వెటకారానికి అనడం లేదు, ఉన్న మాటే. హైదరాబాదు నల్లగండ్లలో మేం అద్దెకుంటున్న శాంగ్రిలా మెడోస్ అపార్టుమెంట్లలో కరెంటు పోతే, జనరేటరు మీద ప్రతి ఫ్లాటుకీ లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ ప్లగ్గు మాత్రమే పనిచేస్తాయి. నాన్న ఊపిరితిత్తులు దెబ్బతిని ఆక్సిజన్ మిషను మీద ఉన్నారు. అందుకని ఫ్రిజ్ వైరు పీకేసి ఆ ప్లగ్గుకి మిషను తగిలించాను. పలకరించడానికి వచ్చినవాళ్ళతో ఆయన, మా మెర్సీ నన్ను పెరుగుగిన్నె స్థానంలో పెట్టిందండీ అని చెప్పి నవ్వుతారు. నేను నవ్వను. నేను నర్సుని. ఆ నవ్వు మధ్యలో ఎన్నిసార్లు ఆగి ఊపిరి తీసుకున్నారో నాకు తెలుస్తుంది.

ఎండాకాలం సాయంత్రాలు మాకు కరెంటు పోవడం మామూలే. ఐటీ ఆఫీసులకీ, కోకాపేటలో కొత్తగా లేచిన టవర్లకీ, మాకూ కలిపి పాతకాలపు హైటెన్షన్ లైను ఒక్కటే దిక్కు. అందరూ ఏసీలు వేసుకునే వేళకి అది చేతులెత్తేస్తుంది. దాన్ని తీసేసి, ఎత్తయిన ఒంటి స్తంభాల మీద రెట్టింపు కరెంటు మోసే కొత్త లైను లాగుతామని విద్యుత్ శాఖ వాళ్ళు పేపర్లో నోటీసు వేశారు. స్తంభాలు మా ప్రహరీ పక్క రోడ్డు వెంబడి వస్తాయట. పని మొదలుపెట్టే ముందు చుట్టుపక్కల ప్రజల అభిప్రాయం తీసుకుంటారట. ఆ నోటీసు చదివిన రోజు నేను ప్రార్థనలో విద్యుత్ శాఖ పేరు కూడా చేర్చాను.

మా అసోసియేషను సెక్రెటరీ చలపతిరావు గారు మాత్రం యుద్ధం ప్రకటించారు. ఆయన రిటైరైన బ్యాంకు మేనేజరు. ఖాళీగా ఉన్న మనిషికి ఒక శత్రువు దొరికితే ఎంత ఆరోగ్యమో ఆయన్ని చూసి తెలుసుకోవాలి. స్తంభాలొస్తే బాల్కనీలోంచి వ్యూ పోతుంది, చదరపు అడుగు రేటు పడిపోతుంది, క్యాన్సరు వస్తుంది, ఈశాన్యంలో బరువు పడుతుంది అని అసోసియేషను వాట్సాప్ గ్రూపులో పొద్దునా సాయంత్రం పెట్టేవారు. కరెంటు కావాలా వద్దా అంటే కావాలి. ఎవరింటి ముందు నుంచైనా రావచ్చు, మా ముందు నుంచి మాత్రం రాకూడదు.

మా దగ్గర బయటి మనిషి లోపలికి రావాలంటే ఎవరో ఒక ఫ్లాటువాళ్ళు ఫోన్లో గేటు యాప్ తెరిచి అనుమతి నొక్కాలి. పాలవాడైనా, పెళ్ళివారైనా, పాస్టరు గారైనా అంతే. లైను సర్వే వాళ్ళు ఒకసారి లోపలికొచ్చి సున్నంతో గుర్తులు పెట్టబోయారు. ఆ రోజు నుంచి విద్యుత్ శాఖ పేరు చెప్పి ఎవరొచ్చినా ఒక్కరు కూడా అనుమతి నొక్కొద్దని చలపతిరావు గారు హుకుం జారీ చేశారు. ఆ తర్వాత ఆయనే ఆ శాఖ ఆఫీసుకి వెళ్ళి, అభిప్రాయ సేకరణ సభ మా క్లబ్‌హౌస్‌లోనే పెట్టాలని ఒప్పించుకొచ్చారు. సొంత అడ్డాలో అయితే ఓనర్లంతా ఉంటారని ఆయన లెక్క. పాత హుకుం వెనక్కి తీసుకోవాలని ఆయనకీ తట్టలేదు, ఇంకెవరికీ తట్టలేదు.

నాన్న తనూ సభలో మాట్లాడతానన్నారు. బాపట్ల దగ్గర ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి, సభ అంటే ఊరుకోలేరు. నేను చలపతిరావు గారిని అడిగాను. ఆయన చాలా మర్యాదగానే, కిరాయిదార్లు గ్రూపులో లైవ్ చూడొచ్చనీ, మాట్లాడాలంటే ఓనరే రావాలనీ, అది అసోసియేషను బైలా అనీ చెప్పారు. మా ఓనరు కిరణ్ పాల్ మియాపూర్‌లో ఉంటాడు. ఫోను చేస్తే, అక్కా, నాకు మీటింగులు పడవు అన్నాడు. అలా నాన్న నోరు బైలా కింద మూతపడింది. ఆ కోపం నాకింకా ఉంది.

ఆ శనివారం సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి గేటు బయట జనం ఉన్నారు. మధ్యలో వాచ్‌మన్ మల్లయ్య ఇచ్చిన ప్లాస్టిక్ కుర్చీలో ఒకాయన చంకన మ్యాపుల చుట్టతో చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. ఆయనే సభ జరపాల్సిన ఇంజనీరు నరేందర్.

సంగతి ఏమిటంటే, మల్లయ్య నియమం ప్రకారం ఆయన పేరు యాప్‌లో పంపించాడు. క్లబ్‌హౌస్‌లో కూర్చున్న ఓనర్లందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి. 'విద్యుత్ శాఖ నుంచి నరేందర్ వచ్చారు, అనుమతించాలా?' అని. అందరూ కట్టుబాటున్న మనుషులు కాబట్టి అందరూ వద్దని నొక్కారు. నొక్కి, ఈ గవర్నమెంటు వాళ్ళు టైముకి ఎప్పుడొచ్చారు గనక అని పక్కవాళ్ళతో అన్నారు. మల్లయ్య మళ్ళీ పంపాడు. మళ్ళీ వద్దన్నారు. చలపతిరావు గారి ఫోను ప్రొజెక్టరుకి తగిలించి ఉంది. అది ఎత్తితే ఆయన తయారుచేసిన స్లైడ్లు పోతాయని ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"పిలిచింది వాళ్ళే, ఆపింది వాళ్ళే," అన్నాడు నరేందర్ నాతో. "ఈ మీటింగు ఇయ్యాల గాకపోతే ఫైలు మల్ల మొదటికొస్తది మేడమ్."

ఫైలు మొదటికొస్తే ఇంకో ఎండాకాలం మాకు ఇలాగే గడవాలి. నా ఫోన్లో అనుమతి నొక్కితే ఆయన్ని మా ఫ్లాటుకి పంపిస్తారు గానీ క్లబ్‌హౌస్‌లోకి పంపరు. పంపినా అక్కడ ఆయన్ని ఉతికి ఆరేయడానికి సర్వం సిద్ధం. నేను చుట్టూ చూశాను. వెనక గల్లీలో పిండి గిర్ని నడిపే రుక్కమ్మ, క్లబ్‌హౌస్‌లోకి రానివ్వని కిరాయిదార్లు, సభ అంటే ఏదో పంచుతారేమోనని వచ్చినవాళ్ళు కొందరు, పార్శిళ్ళు పట్టుకున్న డెలివరీ వాళ్ళు, అందరూ ఉన్నారు. వీళ్ళు ప్రజలు కారా అని అడిగాను. నరేందర్ నన్నూ, జనాన్నీ, మూసిన గేటునీ ఒకసారి చూసి, మ్యాపు తీసి గేటు ఊచలకి కట్టేశాడు.

సభ బ్రహ్మాండంగా జరిగింది. రుక్కమ్మ మొదట మాట్లాడింది. కరెంటు పోయినప్పుడల్లా తన గిర్నిలో సగం పిండి, సగం జొన్నలు మిగులుతున్నాయనీ, గిరాకీ తననే తిడుతోందనీ చెప్పింది. స్తంభం తన గిర్ని పక్కనే వేస్తే దానికి పసుపు బొట్టు కూడా పెడతానంది. ఒక డెలివరీ అబ్బాయి లిఫ్టులో బిర్యానీతో సహా ఇరుక్కున్న వృత్తాంతం చెప్పి, బిర్యానీ చల్లారిందని తనకి ఒక్క స్టారే ఇచ్చారని వాపోయాడు. నరేందర్ అన్నీ ఓపిగ్గా రాసుకున్నాడు. మల్లయ్య కూడా చెయ్యెత్తాడు గానీ డ్యూటీలో ఉన్నానని గుర్తొచ్చి దించేశాడు.

అప్పటికి లోపల సమోసాలు అయిపోయాయి కాబోలు, చలపతిరావు గారు ఆఫీసరు ఏమయ్యాడని వెతుక్కుంటూ గేటు దాకా వచ్చారు. ఊచల అవతల సభ చూసి ఆయన ముఖం కందగడ్డ అయింది. ఇదంతా చెల్లదనీ, వీళ్ళెవరూ ఓనర్లు కారనీ, క్లబ్‌హౌస్‌లో అరవై మంది ఎదురుచూస్తున్నారనీ అన్నారు.

"సార్, నోటీసుల ప్రజలు అని రాసినం," అన్నాడు నరేందర్. "ఓనర్లు అని రాయలే."

అంతలో కరెంటు పోయింది. జనరేటరు గుర్రుమంది. క్లబ్‌హౌస్‌లో ఆ రోజు సభ కోసం ఏసీలన్నీ వేశారు, ప్రొజెక్టరు, సమోసాలు వేడిచేసే పెట్టె సరేసరి. ఆ బరువుకి జనరేటరు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

నా ఫోను మోగింది. "మెర్సీ," అన్నారు నాన్న. ఊపిరి అందుకునే చప్పుడు వినబడింది. "మిషను ఆగింది. కంగారుపడకు."

చిన్న సిలిండరు మంచం పక్కనే ఉంది, కానీ దాని మూత తిప్పే బలం ఆయన చేతుల్లో లేదు. మాది తొమ్మిదో అంతస్తు, లిఫ్టు ఆగిపోయింది. నాన్నకి ఆక్సిజన్ ఆగిపోయిందని అరిచి నేను మెట్లకేసి పరుగెత్తాను. నాకు ఆ క్షణంలో లోకం మీద అసహ్యం పుట్టింది. ఆ ఏసీల మీద, స్లైడ్ల మీద, అందరికన్నా ఎక్కువగా డ్యూటీ పేరుతో ఆయన్ని ఒంటరిగా వదిలి వెళ్ళే నా మీద.

వెనక నుంచి చలపతిరావు గారి గొంతు వినబడింది. "మల్లయ్యా, క్లబ్‌హౌస్ మెయిన్ పీకెయ్. అంతా పీకెయ్." ఆ తర్వాత ఆయన అడుగులు కూడా నా వెనకే మెట్లెక్కాయి.

ఏడో అంతస్తు దగ్గర జనరేటరు మళ్ళీ అందుకుని లైట్లొచ్చాయి. నేను ఆగలేదు. ఇంట్లోకి వెళ్ళేసరికి మిషను మళ్ళీ నడుస్తోంది. నాన్న పెదాలు నీలంగా ఉన్నాయి, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. వేలికి ఆక్సిజన్ మీటరు పెట్టి, అంకె పైకెక్కేదాకా చూసి, అప్పుడు ఏడ్చాను. సిగ్గుపడకుండా ఏడ్చాను.

గుమ్మంలో చలపతిరావు గారు చొక్కా తడిసిపోయి, తలుపు పట్టుకుని రొప్పుతున్నారు. లిఫ్టు వచ్చేసిందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆయన వెనక నరేందర్, చేతిలో పుస్తకంతో. ఈసారి ఆయన్ని గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. చలపతిరావు గారు చేతులు జోడించారు. నాన్న ఆయన్ని ఎగాదిగా చూసి, ముక్కు దగ్గరున్న గొట్టం కాస్త పక్కకి లాగి పట్టుకున్నారు.

"కూర్చోండి చలపతిరావు గారూ. ఇబ్బందిగా ఉంటే కాసేపు మీరు పెట్టుకోండి."

నేను గొట్టం లాక్కుని మళ్ళీ ఆయన ముక్కుకే పెట్టాను. చలపతిరావు గారు మంచినీళ్ళు తాగి, నరేందర్ పుస్తకం అడిగి తీసుకుని, నిలబడే తన అభిప్రాయం రాశారు. తర్వాత నేను చూశాను. లైను అత్యవసరమనీ, వెంటనే వేయాలనీ ఉంది. కింద, వీలైతే స్తంభాన్ని కాస్త బి బ్లాకు వైపు జరపగలరు అని కూడా ఉంది. ఆయన ఉండేది 'ఎ' బ్లాకులో. మనిషి మారాడు గానీ మరీ అంత మారలేదు.

నరేందర్ మంచం దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు. "మీరేం చెప్తరు సార్? రాసుకుంట."

బైలాలు అడ్డురాని చోట మొదటిసారి అడిగారు ఆయన్ని. నాన్న దిండుకి ఆనుకుని నిటారుగా కూర్చున్నారు. చాలా పెద్ద ఉపన్యాసం ఇవ్వాలని ఉన్నట్టు కనిపించారు, కానీ ఊపిరి చాలలేదు.

"త్వరగా వేయమని రాయి బాబూ. ఎన్నాళ్ళు పడుతుంది?"

"రెండేండ్లు పడ్తది సార్," అన్నాడు నరేందర్ తల వంచుకుని. "అంతకు తక్వ చెప్తే అబద్ధం జెప్పినట్టయితది."

నాన్న గురించి డాక్టర్లు నాకు విడిగా చెప్పిన గడువు అందులో సగం కూడా లేదు. నేను ఆయనకి చెప్పలేదు. చెప్పకపోయినా ఆయనకి తెలుసని నాకు తెలుసు. చలపతిరావు గారు ఖాళీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"రెండేళ్ళేగా," అన్నారు నాన్న నావైపు తిరిగి. "ఉంటాలే."

నర్సు ఉద్యోగం చేస్తూ అలాంటి మాటలు నమ్మకూడదు. నేను నమ్మాను.