ముప్పై దాకా లెక్క

ఆవిడకి 'రేడియో' అని పేరు పెట్టింది కట్టుకున్నవాడే. పెళ్లైన మూడో రోజున, పుట్టింటివాళ్లందరి ముందే పెట్టాడు. ఆవిడేం నొచ్చుకోలేదు. బస్టాండులో విచారణ కిటికీ వెనక పద్దెనిమిదేళ్లు కూర్చుని, అడిగినవాడికి అడిగిన బస్సూ, అడగని బస్సూ, అది తప్పిపోతే ఎక్కాల్సిన బస్సూ కూడా చెప్పి పంపిన మనిషి. ఆవిడకి అన్నం పెట్టింది నోరే. ఆయనేమో కుట్టుమిషన్ల మెకానిక్. మిషను తిప్పి, దాని మీదకి చెవి వంచి, చప్పుడుని బట్టి రోగం చెప్పేసేవాడు. ఒకరు మాట్లాడ్డానికీ, ఒకరు వినడానికీ పుట్టారని ఇరుగుపొరుగు నవ్వుకునేవాళ్లు. నిజానికి ఆయన రోజు మొత్తం మీద నాలుగు మాటలన్నా, అందులో మూడు ఎదుటివాళ్ల కడుపు చెక్కలయ్యేలా నవ్వించేవే.

మూడేళ్ల కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ ఎనిమిది నెలల్లో దారికొచ్చాయి. మాట మాత్రం రాలేదు. బొత్తిగా రాలేదని కాదు. అవతలివాళ్లు అనేదంతా అర్థమవుతుంది, తను చెప్పాల్సింది లోపల తయారుగానే ఉంటుంది, దానికి మాట దొరకదు. వెతుక్కుంటాడు. వెతగ్గా వెతగ్గా ఒకటి దొరుకుతుంది, అంతలో రెండోది జారిపోతుంది. పక్కన రేడియో ఉండగా వెతుక్కునే తీరికెక్కడిది? ఆయన "అది..." అనేసరికి, "మంచినీళ్లేగా, ఇదిగో" అనేది. "రేపు..." అంటే, "రేపు పదింటికి డాక్టరు, నాకు గుర్తుంది లెండి" అనేది. ప్రేమకొద్దీ చేసిన పనే. మనిషి అలా తడుముకుంటుంటే చూడలేక ఆవిడ ప్రాణం గిలగిల్లాడిపోయేది.

ఆ డాక్టరుగారి వరండాలోనే గోడ మీద ఒక కాగితం కనబడింది. పునరావాస కౌన్సెలింగ్‌లో పీజీ, రెండేళ్లు. జబ్బు వల్లో ప్రమాదం వల్లో బతుకు తారుమారైనవాళ్లు తిరిగి పనిలోకి, నలుగురిలోకి రావడానికి తోడుండే చదువట. ఆవిడ దగ్గర ఎప్పటిదో మనస్తత్వశాస్త్రం డిగ్రీ ఒకటి పెట్టె అడుగున పడి ఉంది. వయసు నలభై ఏడు. అయితేనేం అనుకుంది. అనుకుంటే ఆగే రకం కాదు.

దరఖాస్తులో "ఈ కోర్సు ఎందుకు ఎంచుకున్నారో రెండు పేజీలకు మించకుండా రాయండి" అని ఉంది. ఆవిడ పదకొండు పేజీలు రాసింది.

"ఇది దరఖాస్తా అమ్మా, నీ జీవిత చరిత్రా?" అంది కూతురు, కాగితాలు చేత్తో తూకం వేసి చూస్తూ.

"తగ్గిస్తే వాళ్లకి అర్థం కాదే."

"తగ్గించకపోతే చదవనే చదవరు."

తల్లీకూతుళ్లు రెండు రోజులు పోట్లాడుకుని దాన్ని రెండున్నర పేజీలకి దింపారు. మిగిలిన అరపేజీ తియ్యనంటే తియ్యనని ఆవిడ భీష్మించుకుంది.

ఇంటర్వ్యూ చేసింది చక్రాల కుర్చీలో కూర్చున్న ప్రొఫెసరమ్మ. జుట్టంతా నెరిసింది, గొంతు ఎప్పుడూ పైకి లేవదు. ఒక్కటే ప్రశ్న అడిగింది: "మీవారికి ఏం కావాలి?" మన రేడియో పన్నెండు నిమిషాలు గుక్క తిప్పుకోకుండా చెప్పింది. విశ్రాంతి కావాలి, వేళకి మందు కావాలి, మనసు నొచ్చుకోకుండా చూసుకోవాలి, పాతవి గుర్తు చెయ్యకూడదు. ప్రొఫెసరమ్మ అంతా విని, "ఇదంతా మీరనుకుంటున్నది. ఆయనేమన్నారు?" అంది.

"ఆయన మాట్లాడలేరు కదండీ!"

"ఓహో" అని కాగితం మీద ఏదో రాసుకుంది. ఆ 'ఓహో' విన్నాక ఆవిడ సీటు రాదనే అనుకుంది. వెయిటింగ్ లిస్టులో ఆఖరి పేరు ఆవిడది, ఆఖరి రోజున సీటు వచ్చింది. మొదటి క్లాసు కాగానే ఉండబట్టలేక వెళ్లి అడిగేసింది, నన్నెందుకు తీసుకున్నారని. "మాట్లాడేవాళ్లకి ఆగడం నేర్పొచ్చు. మనుషులంటే పట్టనివాళ్లకి నేను నేర్పగలిగింది ఏమీ లేదు" అంది ప్రొఫెసరమ్మ.

చదువు అంత తేలికేం కాదు. నరాలూ ఎముకలూ ఎలా పనిచేస్తాయో, ఒక ఉద్యోగంలో చెయ్యాల్సిన పనులన్నీ విడగొట్టి ఏది ఎవరు చెయ్యగలరో తేల్చడమెలాగో, చట్టం ఎవరికి ఏ హక్కు ఇచ్చిందో, అన్నీ ఔపోసన పట్టాలి. కూతురి ఈడు పిల్లల మధ్య కూర్చుని, బస్సులో చదివి, పొయ్యి దగ్గర చదివి, రాత పరీక్షలో మొదటి మార్కు కొట్టింది. క్లాసు క్లాసంతా నోరెళ్లబెట్టింది. ప్రాక్టికల్‌కి వచ్చేసరికి మాత్రం చతికిలబడింది. చూపు తగ్గిపోతున్న ఒక టైపిస్టుతో ఇరవై నిమిషాలు మాట్లాడి, ఆమె ఒప్పుకోలుతోనే రికార్డు చేసి ఇవ్వాలి. ప్రొఫెసరమ్మ అది మొత్తం విని, పెన్సిలు కింద పెట్టి లెక్క చెప్పింది.

"పదహారు నిమిషాలు మీరు. నాలుగు నిమిషాలు ఆమె."

"ధైర్యం చెప్పానండీ."

"ఆమెని చెప్పుకోనివ్వలేదు. ఇకనుంచి ప్రశ్న అడిగాక నాలుక అంగిటికి అంటించి, మనసులో ముప్పై దాకా లెక్కపెట్టండి. మధ్యలో సాయం చెయ్యాలనిపిస్తుంది. అనిపించినప్పుడల్లా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టండి. ముందు ఇంట్లో ఎవరితోనైనా పది నిమిషాలు మాట్లాడి రికార్డు చేసుకోండి, వాళ్లని అడిగి. కౌన్సెలింగ్ మాత్రం చెయ్యొద్దు. ఇంట్లోవాళ్లకి మనం కౌన్సెలర్లం కాలేం, కాకూడదు. మీరెలా వింటున్నారో మీకు తెలియాలి, అంతే."

అప్పుడే ఇంట్లో కొట్టు వ్యవహారం నడుస్తోంది. ఆయన రిపేరు కొట్టు మూడేళ్లుగా మూతపడి ఉంది. జిరాక్సు పెట్టుకుంటానని ఒకావిడ అడిగితే, శనివారం పదింటికల్లా తాళాలు అప్పజెబుతానని మన రేడియో మాటిచ్చేసింది. ఈ సంగతి ఎత్తినప్పుడల్లా ఆయన లేచి బాల్కనీలోకి వెళ్లిపోయేవాడు. పాపం, గుర్తు చేస్తే బాధ కాబోలనుకుని, ఆ బాధ త్వరగా వదిలించెయ్యాలని ఇంకా తొందరపడింది.

గురువారం టీ తాగుతూ రికార్డు చేసింది. శుక్రవారం ఖాళీ క్లాసులో కూర్చుని విన్నది. ఆయన తొమ్మిదిసార్లు మొదలుపెట్టాడు. తొమ్మిదిసార్లూ ఆవిడే ముగించింది. ఎనిమిదో నిమిషంలో తన గొంతే గలగలా వినబడింది: "శనివారంతో ఆ తలనొప్పి వదిలిపోతుంది, మీకూ హాయి, మళ్లీ ఆ కష్టమంతా ఎందుకు చెప్పండి..." ఆ గొంతు కింద, నలిగిపోయిన ఇంకో గొంతు. "కాదు." స్పష్టంగా, ఒక్క మాట. పై గొంతు ఆగలేదు. తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు, బాల్కనీ తలుపు చప్పుడు.

మళ్లీ విన్నది. మూడోసారి వినలేకపోయింది. మూడేళ్లుగా ఈ మనిషికి నేనే గొంతునని గర్వపడింది. ఆ గొంతు ఆయన్ని ఒక్క మాట అననివ్వలేదు. దేనికి కాదన్నాడో కూడా తెలియదు. తల కొట్టేసినట్టయి, బల్ల మీద తల పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. ప్రొఫెసరమ్మ ఎప్పుడొచ్చిందో, పక్కకి వచ్చి ఆగింది.

"ఇంటికెళ్లి అడగండి" అంది, సంగతంతా విన్నాక.

"ఏ మొహం పెట్టుకుని అడగమంటారండీ?"

"మొహంతో పనేముంది? చెవులు పట్టుకెళ్లండి."

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి కొట్టు తాళాలు బల్ల మీద పెట్టి, ఆయనకి ఎదురుగా కూర్చుంది. "కొట్టు విషయం మిమ్మల్ని అడక్కుండానే మాటిచ్చాను. తప్పు నాదే. మీరేమంటారు?" అని అడిగి, నాలుక అంగిటికి అంటించింది.

ఏడు దగ్గర ఆయన తాళాల వంక చూశాడు. పన్నెండు దగ్గర పెదవులు కదిలాయి. ఆవిడ నోట్లో నాలుగు వాక్యాలు తోసుకొచ్చాయి, మింగేసింది, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. వంటింట్లో పాలు పొంగుతున్న చప్పుడైంది. లేవలేదు. పాలు పొంగి, పొయ్యి చుయ్యిమంది. అప్పటికీ లేవలేదు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ముప్పై దాటింది. మళ్లీ ముప్పై దాటింది. ఆయన ఆవిడ మొహంలోకి వింతగా చూశాడు, చెవి కొంచెం ముందుకి వంచాడు, అచ్చం మిషను దగ్గర వంచినట్టే.

"రేడియో..." అన్నాడు. ఆగాడు. వెతుక్కున్నాడు. "రేడియో... చెడిపోయిందా?"

ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఆయనా నవ్వాడు. ఇన్నాళ్లూ ఆ చమత్కారమంతా ఆ మనిషి లోపలే ఉంది, ఎక్కడికీ పోలేదు. బయటికి రావడానికి ఆవిడే సందివ్వలేదు. కళ్లు తుడుచుకుంది గానీ పెదవి విప్పలేదు.

"తాళాలు... ఇవ్వకు" అన్నాడు. చాలాసేపటికి, రెండు చేతులూ చాపి చూపించి, "ఇవి... బానే... ఉన్నాయి." ఇంకా చాలాసేపటికి, "మిషన్లు... నన్ను... మాట్లాడమనవు."

ఈ మూడు ముక్కలకి పదకొండు నిమిషాలు పట్టింది. మూడేళ్లలో ఆయనకి ఎవరూ ఇవ్వని పదకొండు నిమిషాలవి. ఆయన అంత ఓపిగ్గా మాటా మాటా ఏరి తెస్తుంటే, ఇంత గట్టి మనిషినా నేను గాజుబొమ్మలా దాచిపెట్టింది అనిపించి, ఆయన మీద గౌరవం కొత్తగా పుట్టుకొచ్చింది. జిరాక్సు ఆవిడకి ఫోను చేసి, ఆవిడ పెట్టిన చీవాట్లన్నీ నోరెత్తకుండా విన్నది.

సోమవారం ఆవిడకి మళ్లీ ప్రాక్టికల్. పొద్దున్నే ఇద్దరూ వెళ్లి కొట్టు షట్టరు ఎత్తారు. దుమ్ము దులుపుతుండగానే ఒక టైలరమ్మ మిషను చంకనపెట్టుకుని వచ్చింది, తెరిచారని ఎవరో చెప్పారట. ఆయన మిషను బల్ల మీద పెట్టి, చక్రం తిప్పి, చెవి వంచాడు. టైలరమ్మ ఆయన వంక చూడకుండా ఆవిడ వైపు తిరిగింది.

"ఎప్పటికవుతుందో మీరే చెప్పండమ్మా. ఆయనకి మాట లేదుగా."

ఆవిడకి తెలుసు. పాతికేళ్లు కాపురం చేస్తే ఆ చప్పుడు ఆవిడకీ తెలుస్తుంది, బాబిను కేసు అరిగింది, సాయంత్రానికల్లా అయిపోతుంది. నాలుక దురద పుట్టింది. ఆయన తలెత్తి ఆవిడనే చూస్తున్నాడు.

"ఆయన్నే అడగండి" అంది. "జవాబు కాస్త నిదానంగా వస్తుంది, ఆగి వినండి. నాకు పరీక్షకి వేళైంది." సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగేసింది.

వెనక టైలరమ్మ గొంతు వినబడింది, "ఏమండీ, ఎప్పుడు రమ్మంటారు?" అని. తర్వాత అంతా నిశ్శబ్దం. ఆవిడ కాళ్లు వాటంతటవే నెమ్మదించాయి. వెనక్కి తిరగలేదు. బస్సు ఆగే చోటికి నడుస్తూ లెక్క మొదలుపెట్టింది. పదిహేను. ఇరవై. ఇరవై ఆరు దగ్గర, కొట్లోంచి టైలరమ్మ పకపకా పగలబడి నవ్విన చప్పుడు వీధిలోకి వినబడింది.

ఆయన ఏమన్నాడో ఆవిడకి తెలియలేదు. వెళ్లి అడగాలని ప్రాణం కొట్టుకుపోయింది. బస్సొస్తే ఎక్కేసింది.